అదృష్టవంతురాలట!

"మీ ఆవిడ ఎంత అదృష్టవంతురాలండీ!" ఈ పధ్నాలుగు నెలల్లో ఈ మాట నాతో అన్నవారిని లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను. మెదడు పొరల్లో కణితి పెరగడం, పుర్రె తెరిపించుకోవలసి రావడం, ముప్ఫై ఏళ్ళపాటు పిల్లలకు సంధులూ సమాసాలూ బోధించిన నోటికి "మంచినీళ్ళు" అన్న మాట అందక "గడియారం, గడియారం" అంటూ కూజా వైపు వేలు చూపించవలసి రావడం – ఇవన్నీ అదృష్టం పద్దు కింద జమ అవుతాయి కాబోలు. కారణమేమయ్యా అంటే, మొగుడు దగ్గరుండి అన్నం తినిపిస్తున్నాడట!

ఈ మాట ఆమె ఎదుటే అంటారు. ఆమెకు మాట తడబడుతున్నది గాని చెవులు వినబడతాయి, విన్నది అర్థమవుతుంది. ఒకసారి మా దూరపు బంధువు ఒకాయన మంచం పక్కనే నిలబడి నన్ను శ్రీరామచంద్రుడితో పోల్చాడు (రాముడు భార్యను ఏంచేశాడో ఆయనకు గుర్తు లేనట్టుంది). మా ఆవిడ ఆయన వైపు ఒక క్షణం చూసి, చాలా స్పష్టంగా "గడియారం" అంది. దాని అర్థం ఆ గదిలో నాకొక్కడికే బోధపడింది.

ఆసుపత్రిలో మా పక్క మంచం మీద పల్నాడు నుంచి వచ్చిన మిరపతోట కూలీ ఒకతను ఉండేవాడు. మోటారు సైకిలు మీంచి పడితే తలలో గడ్డకట్టిన రక్తం తీశారు. అతని భార్య పంతొమ్మిది రోజులు ఆ మంచం కిందే చాప పరుచుకుని పడుకుంది. ఆమెను మహానుభావురాలని ఎవ్వరూ అనలేదు. పైగా అత్తగారు వచ్చినప్పుడల్లా కోడలు కాలు పెట్టిన వేళావిశేషం గురించి వార్డంతా వినేట్టు చెప్పి పోయేది. నేను చేసిన పనులే ఆమె చేసింది; నాకంటే ఎక్కువ చేసింది. నాకు దక్కింది బిరుదు, ఆమెకు దక్కింది నింద. ఈ అన్యాయం పాతదే గనుక దీన్ని ఇక్కడితో వదిలేస్తాను. నా పోట్లాట ఇంకొకదానితో: పొగడ్తయినా, ధర్మమన్న పేరైనా, రెండూ ఒకే పని చేస్తాయి. వైద్యంలో సగం భాగాన్ని వైద్యం కాదని తేల్చి, శిక్షణ లేని ఇంటిమనిషి నెత్తిన పెట్టేస్తాయి.

"ఆపరేషన్ సక్సెస్" అన్నారు. నిజమే, కణితి మొత్తం తీసేశారు, అది కాన్సర్ కాదని కూడా తేలింది. శస్త్రవైద్యుడి చేతికి నేను నమస్కరిస్తాను. అయితే ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన నాలుగు పేజీల కాగితంలో మూడున్నర పేజీలు పుర్రె ఎలా తెరిచారో ఇంగ్లీషులో రాసి ఉంది. మిగిలిన అర పేజీలో మాత్రల పేర్లు, "ఇంటివద్ద ఫిజియోథెరపీ", పదిహేను రోజుల తర్వాత రమ్మన్న తేదీ. ఇంతే! డెక్సామెథసోన్ అనే మాత్ర మెదడు వాపు తగ్గించడానికిస్తారనీ, దానివల్ల నిద్ర చెడి ఆకలి పెరిగి చక్కెర ఎక్కే అవకాశముందనీ, దాన్ని ఉన్నపళంగా ఆపకుండా డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం మెల్లగా తగ్గించాలనీ ఎవరూ చెప్పలేదు. మూర్ఛ రాకుండా ఇచ్చే లెవెటిరాసెటం కొందరిలో పట్టరాని చిరాకునూ కోపాన్నీ తెస్తుందనీ చెప్పలేదు. మూడో వారంలో ఆమె కంచం విసిరి గోడకు కొట్టింది. "తల కోశాక బుద్ధి మారింది పాపం" అని చుట్టాలు తీర్పు చెప్పేశారు. తిరిగి చూపించుకోవడానికి వెళ్ళి అడిగితే డాక్టరుగారు తాపీగా "ఆ మాత్ర వల్ల కావచ్చు" అని, మందు మార్చారు. రెండు వారాల్లో ఆ చిరాకు చాలావరకు తగ్గింది. ఆ ఒక్క వాక్యం ముందే తెలుగులో రాసివ్వడానికి ఎంత సిరా ఖర్చయ్యేది?

మెదడు ముందుభాగం దెబ్బతింటే మనిషి స్వభావమే మారవచ్చునని వైద్యలోకం పంతొమ్మిదో శతాబ్దం నుంచీ మాట్లాడుకుంటూనే ఉంది. 1848లో అమెరికాలోని వెర్మాంట్‌లో రైలుదారి పనిచేయిస్తున్న ఫినియస్ గేజ్ అనే మేస్త్రీ తలలోంచి ఇనుపకడ్డీ దూసుకుపోయింది. బతికాడు గాని, ఇతను మునుపటి గేజ్ కాడని తెలిసినవాళ్ళన్నారు. పలుకు తెచ్చే చోటు ఎడమవైపు ముందుభాగంలో ఉన్నదని పాల్ బ్రోకా 1860ల్లో చూపించాడు. నూట అరవై ఏళ్ళ నాటి ఈ సంగతి మా హాల్లో కూర్చుని కాఫీ తాగే చుట్టాల దాకా ఇంకా రాలేదు. ఆమె పొద్దుటంతా ఏ పనీ మొదలుపెట్టకుండా కూర్చుంటే వాళ్ళకది బద్ధకం. పని ఎలా చేయాలో తెలిసినా మొదలుపెట్టే మీట బిగుసుకుపోవడమనేది ఒకటుంటుందని, అది ఈ శస్త్రచికిత్స తర్వాత రావచ్చునని, ఆసుపత్రి నాకు చెప్పి ఉంటే నేను వాళ్ళకు చెప్పేవాణ్ణి.

ఇక "సేవ" అంటున్నారే, అదేమిటో కాస్త వినండి. తినిపించేటప్పుడు వీపు నిటారుగా ఉంచాలి, గుటక మింగిందాకా రెండో ముద్ద పెట్టకూడదు, తిన్న వెంటనే పడుకోబెట్టకూడదు. నడిపించేటప్పుడు బలహీనంగా ఉన్న కుడిపక్కన నిలబడాలి. "ఏం కావాలి?" అని అడగకుండా "ఇడ్లీయా, ఉప్మానా?" అని అడగాలి. మాట కోసం ఆమె వెతుక్కుంటున్నప్పుడు నోరు మూసుకుని ఆగాలి – అన్నిటికన్నా కష్టమైనది ఇదే – ఆ మాటను మనమే అందించేసి గెలిచినట్టు మొహం పెట్టకూడదు. ఇందులో చాలాభాగం నేర్పినది మేము సొంత ఖర్చుతో వెతుక్కున్న స్పీచ్ థెరపిస్టు. ఆవిడ చేస్తే దీని పేరు చికిత్స, గంటకింతని రుసుము. అదే పని తక్కిన ఇరవైమూడు గంటలూ నేను చేస్తే ప్రేమ!

మనం పదే పదే తలుచుకునే సావిత్రి కథనే తీసుకోండి. వ్యాసభారతం ఆరణ్యపర్వంలో సత్యవంతుడికి మొదట వచ్చింది తలనొప్పే. కట్టెలు కొడుతూ తల పగిలిపోతోందని భార్య ఒడిలో పడుకుంటాడు. ఆవిడ యముడితో వాదించి గెలవడం మనందరికీ కంఠోపాఠం. తర్వాతి ఘట్టం ఎందరికి గుర్తుంది? ప్రాణం వచ్చిన మనిషి నీరసంగా లేస్తాడు, చీకటిపడిన అడవి. సావిత్రి పళ్ళబుట్టను చెట్టుకొమ్మకు తగిలించి, గొడ్డలి తాను పట్టుకుని, అతని చేతిని తన ఎడమభుజం మీద వేసుకుని, కుడిచేత్తో పొదివి పట్టుకుని నడిపించుకుపోతుంది. ఏది మోయాలో, ఏది అక్కడే వదలాలో ఆలోచించుకున్న మనిషి ఆవిడ. మన హరికథల్లో, సినిమాల్లో యముడికిచ్చినంత చోటు ఆ నడకకు ఇచ్చినట్టు నాకైతే గుర్తులేదు. మన వైద్యవ్యవస్థ కూడా అంతే: యముడితో వాదానికి డబ్బుంది, ఇంటిదాకా నడకకు లేదు.

లేదంటే లేదని కాదు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల పేదవాడి పుర్రె కూడా తెరవగలిగారు; అది చిన్న విషయం కాదు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరోగ్య ఆసరా పేరుతో, శస్త్రచికిత్స తర్వాత కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5000 మించకుండా ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి ఆలోచనే. కాని ఆ లెక్కలో కూలి పోయినవాడు రోగి ఒక్కడే. మంచం కింద చాప మీద పడుకున్న మనిషికీ మిరప కోతల కూలి పోయిందన్న ఊహ అందులో లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌లో ఎక్కువ ఆసరా అవసరమైనవారికి సంరక్షకుల భత్యం ప్రస్తావన ఉంది. కేరళలో ఆశ్వాసకిరణం పథకం మంచాన పడ్డవారిని చూసుకునే వ్యక్తికి నెలకు 600 రూపాయలని పెట్టింది. ఆరు వందలకు ఏమొస్తుందని నవ్వకండి. అది చేసేది పని అని ఒక ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకుంది.

"ప్రేమకు కూడా వెల కడతారా?" అని ఒక మిత్రుడు నొచ్చుకున్నాడు. శస్త్రవైద్యుడికి కూడా తన వృత్తి మీద ప్రేమ ఉంది, ఆయన బిల్లు వేయకుండా ఉన్నాడా? నాకు ఆమె మీద ప్రేమ ఉన్నది గనుకనే, ఆమెను ఏమీ తెలియని నా చేతుల్లో పెట్టి పంపేయడం నాకు కోపం తెప్పిస్తోంది. ప్రేమకు మింగుడు ఎలా గమనించాలో తెలియదు. నేర్పాలి. ఇంటికి పంపే ముందు రెండు రోజులు, మంచం దగ్గరే, ఆ ఇంట్లో చూసుకోబోయే మనిషిని నిలబెట్టి, చేయించి చూసి మరీ నేర్పాలి. రాసిచ్చేది తెలుగులో రాసివ్వాలి. మాట తిరిగి నేర్పే చికిత్సను ఆపరేషన్ ఖర్చులో భాగంగా కట్టాలి.

అంతదాకా చూడడానికి వచ్చేవారికి ఒక మనవి. ఆపిల్ పళ్ళు మా ఇంట్లో చాలినన్ని ఉన్నాయి, బిరుదులు కూడా. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు వచ్చి ఆమె కుడిపక్కన కూర్చోండి. ఆమె ఏదైనా చెప్పబోతే ఆగండి. నేను పక్కగదిలో పడుకుంటాను.