సాహిత్య గోష్ఠి - హోటలు బిల్లు

హిందూపురంలో ఈమధ్య ఒక పుస్తక పఠన బృందం తన నెలవారీ సమావేశాన్ని రెస్టారెంటులో జరుపుకొన్నది. మేడమీద చల్లని హాలు, గుండ్రని బల్లలు, గంటన్నర సాహిత్య చర్చ, ఆ తర్వాత తలకు 350 రూపాయల భోజనం. చర్చకు పెట్టుకొన్నవి సింగమనేని నారాయణ కథలు. అనంతపురం సీమలో మెట్టరైతు బతుకును పట్టుదలగా రాసి, 2021లో కన్నుమూసిన రచయిత ఆయన. నేనూ వెళ్లాను. డబ్బు కట్టాను, మాట్లాడాను, తిన్నాను. కనుక ఈ వ్యాసంలో దెబ్బలు తినవలసినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఆ సమావేశాన్ని మిత్రులు కొందరు పెద్ద ముందడుగుగా వర్ణిస్తున్నారు. "పుస్తకాన్ని జనంలోకి తీసుకుపోయాం" అంటున్నారు. నా తగాదా ఆ ఒక్క మాటతోనే.

ముందు ఒక చౌకబారు విమర్శను పక్కకు నెట్టాలి. కరువు కథలు చదువుతూ పన్నీరు కూర ఎట్లా తిన్నారని కొందరు ఎద్దేవా చేశారు. ఇది విమర్శ కాదు, వెక్కిరింత. పాఠకుడు పస్తుంటే రైతు కడుపు నిండదు. పైగా తిండి ఉన్నచోట మనుషులు చేరుతారు, మాట కలుస్తుంది. మన దేశంలో పదిమంది ఒక బల్ల దగ్గర కూర్చుని తినడం చిన్న సంగతేమీ కాదు. హోటలులోకి కులం పేరిట రానివ్వకపోవడం నేరమని దేశమంతటికీ ఒక చట్టం రావడానికి 1955 దాకా ఆగవలసి వచ్చింది. చట్టం వచ్చినా పల్లెల్లో టీకొట్ల ముందు రెండు గ్లాసుల పద్ధతి దశాబ్దాలు సాగింది. ఎవరి ఇంట్లోనో వసారాలో, ఎవరి కులపు సత్రంలోనో జరిగే గోష్ఠికంటే హోటలు బల్ల మేలే. ఈ మాట ఒప్పుకోకుండా హోటలును తిట్టేవాడితో నాకు పొత్తు లేదు.

అయితే కులం అడగని బల్ల ధర అడుగుతున్నది. ఆ సాయంత్రం వచ్చినవాళ్లు ముప్పయిమంది లోపే. లెక్చరర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఇద్దరు డాక్టర్లు, ఒక వకీలు. రానివాళ్ల సంగతి చెబుతాను. మా కాలేజీ హాస్టలు విద్యార్థి ఒకడు ఆ కథల సంపుటాన్ని రెండుసార్లు చదివాడు. అందులో ఒక కథ ముగింపు గురించి వరండాలో నాతో అరగంట వాదించాడు. వాడు గోష్ఠికి రాలేదు. ఎందుకు రాలేదురా అంటే "పరీక్షలు సార్" అన్నాడు. ఆ వారంలో పరీక్షలు లేవు. పరీక్షలు పెట్టేవాళ్లలో నేనొకణ్ణి.

లేమికి ఉన్న గుణమే యిది. అది తన పేరు చెప్పదు. పరీక్షలంటుంది, జ్వరమంటుంది, బస్సు తప్పిపోయిందంటుంది. అందువల్ల నిర్వాహకుల పుస్తకంలో రానివాళ్లకు పద్దే ఉండదు. "ఆసక్తి ఉన్నవాళ్లంతా వచ్చారు" అని వాళ్లు నిజాయితీగానే నమ్ముతారు. 350 రూపాయలు ఉన్నవాళ్లంతా వచ్చారని అర్థం చేసుకోవడానికి బల్ల అవతలినుంచి చూడాలి.

ధర్మవరంలో నేనెరిగిన నేతకార్మికుడు ఒకాయన ఉన్నాడు. గుంతమగ్గం మీద కూర్చుని నేస్తూ, కూతురు చదివి వినిపిస్తే కథలు వింటాడు. ఆయన్ని పిలిచాను. "ఆదివారమైతేనేమి సార్, వార్పు అయిపోయిన దినమే మాకు ఆదివారం. రైలుకు పెట్టుకొని, అన్నానికీ పెట్టుకొని, ఒక పూట కూలి పోగొట్టుకొని వచ్చి నేనేం మాట్లాడల్ల?" అన్నాడు. ఆ చివరి ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉండింది. మొదటి మూడింటికి లేదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలు దారిమీది ఊళ్లు. దూరమంటే పట్టాల పొడవు ఒక్కటే అనుకొన్నన్నాళ్లు మనకు ఈ సంగతి బోధపడదు.

ఇంకొక చిన్న దృశ్యం. మా వక్త ఒకాయన వలసల గురించి గంభీరంగా చెబుతుండగా వడ్డించే కుర్రవాడు ప్లేట్లు సర్దుతున్నాడు. చప్పుడు చేయవద్దని వక్త రెండుసార్లు వేలు చూపించాడు. ఆ పిల్లవాడిది ఒడిశా. వాడికి తెలుగు రాదు. మన పల్లెల పిల్లలు బెంగుళూరు హోటళ్లలో బల్లలు తుడుస్తుంటే, మన బల్లలు తుడవడానికి ఇంకో కరువుసీమ పిల్లలు ఇంతదూరం వస్తున్నారు. వలస మీద ఉపన్యాసం వలసను నిశ్శబ్దంగా ఉండమన్నది.

"మరి మన ఉద్యమం రెస్టారెంటులోనే కదా పుట్టింది?" అని చదువుకొన్న మిత్రుడొకడు నన్ను నిలదీశాడు. నిజమే. 1934 నవంబరులో లండన్‌లో, డెన్మార్క్ స్ట్రీట్‌లోని నాన్‌కింగ్ అనే చైనా రెస్టారెంటు వెనుక గదిలో సజ్జాద్ జహీర్, ముల్క్ రాజ్ ఆనంద్ మొదలైనవాళ్లు కూర్చున్నారు. అభ్యుదయ రచయితల సంఘానికి అక్కడే అంకురార్పణ జరిగింది. కాని మిత్రుడు ఆ గదిలోనే ఆగిపోయాడు. వాళ్లు ఆగలేదు. పరాయి దేశంలో వేరే చోటు లేని కుర్రవాళ్లకు ఆ గది ఒక ఆశ్రయం. 1936లో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన మొదటి మహాసభ జరిగింది లక్నోలోని ఒక సార్వజనిక హాలులో. 1943లో తెలుగు రచయితలు తెనాలిలో మహాసభ జరుపుకొన్నారు. వెనుక గదినుంచి వీధిలోకి నడిచిన ఉద్యమాన్ని సాక్ష్యంగా చూపి, మనం వీధినుంచి మేడమీది హాలుకు ఎక్కుతున్నాం.

ఇండియన్ కాఫీ హౌస్ మాట కూడా వచ్చింది. కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూసివేస్తుంటే, ఏ.కె. గోపాలన్ ప్రోత్సాహంతో కార్మికులే 1957 నుంచి సహకార సంఘాలు పెట్టుకొని వాటిని నడిపారు. అక్కడ ఒక కప్పు కాఫీతో పూటంతా కూర్చోవచ్చు. కప్పు అందించే మనిషి ఆ సంఘంలో సభ్యుడు. అట్లాంటిది హిందూపురంలో ఒకటి పెట్టండి, మొదటి కాఫీ నేను తాగుతాను.

బిల్లుకు మరొక పరిష్కారం కూడా బల్లమీదికి వచ్చింది. ఒక పట్టుచీరల వ్యాపారి ఖర్చంతా తానే భరిస్తానన్నాడట. మంచివాడే కావచ్చు. కాని ఆయన పెట్టిన భోజనం తింటూ నేతకూలి మీద రాసిన కథను ఏ గొంతుతో చర్చిస్తాం? వచ్చే సమావేశం పెనుకొండలో పెడదామంటున్నారు. కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఆ ప్రాంతంలో హోటళ్లకు కొదవ లేదు. 1565 తర్వాత విజయనగర రాజులు రాజధాని చేసుకొన్న ఊరది. అక్కడ మైకు దొరికితే మన వక్తలు భువనవిజయం ఎత్తకుండా దిగరు. ఆ సభలో భోజనం పెట్టినవాడు రాజు. కృతులు ఎవరికి అంకితమయ్యాయో తెలుగు ఎం.ఏ. చదివినవాళ్లకు నేను చెప్పనక్కరలేదు.

ఇంతవరకు రాసి, దీనికి విరుగుడుగా బస్టాండు పక్కన టీకొట్టును ప్రతిపాదించాలనుకొన్నాను. ఉగ్గాని, బజ్జి, వన్ బై టూ టీ. ఎవరైనా రావచ్చు, పోవచ్చు. చిత్తుప్రతిని సహాధ్యాపకురాలొకరికి చూపించాను. ఆమె చదివి, "బాగుంది సార్. మీ టీకొట్టులో నేను యాడ కూర్చోవల్ల?" అన్నారు.

ఆ ప్రశ్న నా ప్రతిపాదనను కూల్చింది. టీకొట్టు అందరిదీ అని మనం అంటాం. అది మగవాళ్లందరిదీ. సాయంత్రం ఆరు దాటాక ఒక ఆడమనిషి పుస్తకం పట్టుకొని ఆ బెంచీమీద గంటసేపు కూర్చోగల ఊరు మన మూడు ఊళ్లలో ఏదో చెప్పండి. మేడమీది రెస్టారెంటుకు మా సమావేశంలో తొమ్మిదిమంది స్త్రీలు వచ్చారు. అంతకుముందు వేరేచోట్ల జరిగిన ఏ గోష్ఠికీ అంతమంది రాలేదు. హోటలు పక్షాన ఇది గట్టి సాక్ష్యం. దాన్ని దాచి వాదం గెలవడం నాకు ఇష్టం లేదు.

అయితే ధరకు పేదవాడినీ, చూపులకు ఆడవాళ్లనూ బయటికి నెట్టని కప్పు మన ఊళ్లలో ఒకటి ఉన్నది. గ్రంథాలయం. నిర్వాహకులు నవ్వుతారని తెలుసు. విరిగిన కుర్చీలు, పనిచేయని ఫ్యాన్లు, పత్రికలతో సరి. నిజమే. కాని దాని బిల్లు చెల్లించింది ఎవరు? 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం మన రాష్ట్రంలో ఆస్తిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ఇల్లున్నవాడు నేరుగా కడుతున్నాడు, అద్దెకున్నవాడు అద్దెలో కడుతున్నాడు. వసూలైన సెస్సును స్థానిక సంస్థలు గ్రంథాలయ సంస్థలకు అందజేయక బాకీపెట్టడం మన రాష్ట్రంలో పాత కథ. అంటే ధర్మవరం నేతకార్మికుడు తన పఠన మందిరానికి డబ్బు ముందే కట్టాడు. ఇప్పుడు మనం ఆయన్ని ఇంకో 350 అడుగుతున్నాం.

1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిపినవాళ్లకు సర్కారు సెస్సు లేదు. 1935లో పాతూరి నాగభూషణం కాలువమీద పడవలో పుస్తకాలు పెట్టుకొని పల్లెలకు పోయాడు. పుస్తకం జనంలోకి పోవడమంటే అది. మనం కాలువలు లేని సీమవాళ్లం, పడవ అడగడం లేదు. మగ్గం దిగే వేళకు, షిఫ్టు వదిలే వేళకు తలుపు తెరిచి ఉంచమని అడుగుదాం. సెస్సు బాకీ ఎంతో సమాచార హక్కు కింద అర్జీ పెట్టి లెక్క రాబడదాం. పఠన బృందంలో వకీలు ఉన్నాడు. ఆయనకు పని దొరుకుతుంది. తిండి లేకుండా జనం రారంటారా, హోటలునుంచి ఫ్లాస్కులో టీ తెప్పించండి. హోటలువాడికీ బేరమే.

వచ్చే సమావేశానికి నేను ధర్మవరం పేరు ఇచ్చాను. రోజు మాత్రం ఖాయం కాలేదు. ఆ నేతకార్మికుడి వార్పు ఎప్పుడు అయిపోతుందో ఆయన కూతురు ఫోను చేసి చెబుతానన్నది.