ఆదివారం పొద్దున చెరువు కట్ట మీద

మొన్న ఏడో తరగతి పిల్లల్ని ఒక ప్రశ్న అడిగాను. "మన కుందూ నది ఎక్కడికి పోతుంది?" కాసేపు ఎవరూ నోరు విప్పలేదు. చివరి బెంచీ నుంచి ఒకడు ధైర్యం చేసి, "బ్రిడ్జి కిందికి సార్" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికెళ్లాక ఆలోచిస్తే, పాపం, వాడు చూసింది చూసినట్టే చెప్పాడనిపించింది. రోజూ స్కూల్ బస్సులో ఆ బ్రిడ్జి దాటుతాడు. కుందూ వాడికి కనపడేది ఆ నాలుగు క్షణాలే. అమెజాన్ నది ఏ ఖండంలో ఉందని అడిగితే మాత్రం క్లాసులో ముప్పై చేతులు లేస్తాయి.

తల్లిదండ్రులుగా మిమ్మల్ని ఒకటే అడగాలని ఈ నెల ఈ పేజీ తీసుకున్నాను. నెలకు రెండు ఆదివారాలు, పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా, మీ పిల్లలను వెంటబెట్టుకుని ఏదో ఒక నీటి పక్కన నడవండి. రెండు మూడు కిలోమీటర్లు చాలు. ట్రెక్కింగ్ అక్కర్లేదు, టెంటు అక్కర్లేదు, ఫీజు అసలే లేదు.

ఐర్లండ్‌లో, ఎస్టోనియాలో కాలు పెడితే దిగబడిపోయే బురద నేలలున్నాయి. వాళ్లు వాటి మీద పొడవునా చెక్కబాటలు వేసి, చిన్న పిల్లలు, ముసలివాళ్లు కూడా హాయిగా నడిచేలా చేశారు. మనకు ఆ ఖర్చు కూడా లేదు. మన పెద్దలు ఎప్పుడో బాటలు వేసి పెట్టారు. వాటికి మనం పెట్టుకున్న పేర్లు చెరువు కట్ట, కాలువ గట్టు. చదునుగా ఉంటాయి, ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క పైర్లు. నంద్యాలలో ఉండేవాళ్లకు చిన్న చెరువు ఉంది. కేసీ కెనాల్ ఉంది. ఆళ్లగడ్డ వైపు వాళ్లకు వక్కిలేరు ఉంది, తెలుగుగంగ ఉంది. కరువు సీమ అని పేరుపడిన ప్రాంతంలో ఇన్ని నీళ్ల పక్కన బతుకుతున్నామని మన పిల్లలకు ఎవరు చెబుతున్నారు?

కేసీ కెనాల్ గట్టు మీద నడుస్తూ దాని కథ చెప్పండి. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా సుమారు 300 కిలోమీటర్లు పోయే కాలువ ఇది. 1860ల్లో ఒక బ్రిటిష్ కంపెనీ తవ్వించింది. పొలాలకు నీళ్లివ్వడమే కాదు, సరుకుల పడవలు కూడా నడపాలని వాళ్ల ఆలోచన. లెక్కలు తారుమారై కంపెనీ నష్టపోతే 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. మనం తినే అన్నం చాలావరకు ఆ నష్టపోయిన కంపెనీ తవ్విన కాలువ పుణ్యమే. చరిత్ర పాఠం నేను క్లాసులో చెబితే ఆవలిస్తారు, గట్టు మీద మీరు చెబితే వింటారు. ఇది నా అనుభవం.

మహానంది దారిలో తెలుగుగంగ కాలువ దాటేటప్పుడు మరో మాట చెప్పొచ్చు. శ్రీశైలం దగ్గర బయల్దేరిన ఈ నీళ్లు వెలుగోడు రిజర్వాయర్ మీదుగా, మన నల్లమల కింది అంచు పట్టుకుని, చెన్నైలో కొళాయిల దాకా పోతాయి. ఇక మహానంది కోనేరు గురించి మీకు చెప్పేదేముంది, అడుగున పడిన నాణెం కూడా కనబడే నీళ్లు. అక్కడ మునిగి, దర్శనం చేసుకుని, కారెక్కి వచ్చేయకండి. ఆ ఊటనీరు గుడి దాటి ఎటు పోతుందో పిల్లలతో కలిసి చూడండి. అరటి తోటల్లోకి పోతుంది. తోటల మధ్య బాటలో అరగంట నడిస్తే చాలు, దేవుడి తీర్థం, అరటి గెల ఒకే నీళ్లని వాళ్లకే అర్థమవుతుంది.

నడక మనకు కొత్త కూడా కాదు. నవనందులు ఒక్క రోజులో చూడాలని కార్తీకమాసంలో మన పెద్దలు తెల్లవారకముందే బయల్దేరేవాళ్లు. చామకాలువ ఒడ్డున ప్రథమ నంది దగ్గర మొదలుపెట్టి, పొద్దుగూకేలోపు మహానంది చేరాలి. ఇప్పుడు అదే పని ఆటోలు, బస్సులు మాట్లాడుకుని చేస్తున్నాం. తప్పు పట్టడం లేదు, తొమ్మిదీ నడవమని కూడా అనను. ఒక నందికీ ఇంకో నందికీ మధ్య ఏదో ఒక ముక్క పొలాల వెంట నడిచి చూడండి. చలికాలం మొదట్లో వరి కోతకు వస్తుంటుంది, మళ్లలో కొంగలుంటాయి, కరెంటు తీగ మీద లకుముకి పిట్ట కూర్చుని ఉంటుంది. పాలపిట్టను చూడాలని దసరా దాకా ఆగక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పోయిన పేరెంట్స్ మీటింగులో ఈ మాట ఎత్తితే ఒక తండ్రి సూటిగా అడిగారు. "సార్, ఈరోజు నేను కాలవ పక్కకు తీస్కపోతా. రేపు వాడు ఫ్రెండ్స్‌తో పోతాడు. అప్పుడు ఎవరిది బాధ్యత?" నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ప్రతి వేసవిలోనూ ఏదో ఒక కాలువలోనో చెరువులోనో పిల్లలు మునిగిపోయారన్న వార్త మనం చదువుతూనే ఉన్నాం. ఆ భయం ఉత్తది కాదు.

కానీ ఆ వార్తలు ఇంకోసారి చదవండి. ఆ పిల్లలు అమ్మానాన్నలతో నడకకు వెళ్లినవాళ్లు కాదు. సెలవు రోజున ఇంట్లో చెప్పకుండా, స్నేహితులతో, అలవాటు లేని నీటిలోకి దిగినవాళ్లే ఎక్కువ. "కాలవ పక్కకు పోవద్దు" అన్న మాట పదేళ్ల దాకా పనిచేస్తుంది. పదమూడేళ్లకు వాడికి సైకిల్ వస్తుంది, ఎండలు వస్తాయి, పక్కన ఇద్దరు స్నేహితులుంటారు. ఆ రోజు వాడికి నీటి గురించి తెలిసింది మన "వద్దు" ఒక్కటే అయితే, దాంతో వాడు ఏం చేసుకుంటాడు?

మీరు పక్కన ఉన్నప్పుడు నేర్పాల్సినవి నాలుగు మాటల్లో అయిపోతాయి. సిమెంటు వేసిన కాలువ వాలు పైకి పొడిగా కనిపిస్తుంది. నీటి అంచున పాచి ఉంటుంది, కాలు జారితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఈతగాళ్లు కూడా అక్కడే ఓడిపోతారు. మట్టి గట్టు అంచున నిలబడకూడదు, లోపల నీళ్లు కోసేసి ఉంటాయి. తూము దగ్గర నీళ్లు నెమ్మదిగా ఉన్నట్టే ఉంటాయి, కింద లాగుతుంటాయి. నిన్న మోకాలి లోతున్న కాలువ, పైన నీళ్లు వదిలితే ఈరోజు తల లోతు. మరీ ముఖ్యంగా, ఎవరైనా పడితే వెంటనే దూకకూడదు. గట్టిగా కేకలు వెయ్యాలి, గట్టు మీద పడుకుని తువ్వాలో, చున్నీయో, కర్రో అందించాలి. ఒకరిని కాపాడబోయి ఇద్దరు ముగ్గురు పోయిన సంఘటనలు మీరూ విన్నారు. ఇవన్నీ బ్లాక్‌బోర్డు మీద రాయించి నేను మార్కులు వేయగలను. తూము దగ్గర ఒక గడ్డిపోచ వేసి అది ఎలా మాయమైందో చూపించడం మాత్రం మీ చేతుల్లోనే ఉంది.

ఈత నేర్పించడం గురించి వేరే చెప్పాలా? నేర్పించండి.

చదునైన దారులు ఇంకొన్ని. నందికొట్కూరు వైపు మిడుతూరు మండలంలో రోళ్లపాడు ఉంది. బట్టమేక పక్షి కోసం 1988లో అభయారణ్యం చేశారు. ఒకప్పుడు దేశం నలుమూలల నుంచి ఆ పిట్టను చూడటానికి వచ్చేవాళ్లు. ఇప్పుడు అది కనబడటమే గగనమైపోయింది, గడ్డినేల మాత్రం ఉంది, కృష్ణజింకలున్నాయి. ఒక పక్షి ఎలా లేకుండా పోతుందో మీ పిల్లలు అడిగితే మంచి ప్రశ్నే. అహోబిలంలో జ్వాలా నరసింహ దాకా ఎక్కడం చిన్నపిల్లలకు కష్టం. దిగువ అహోబిలం నుంచి యోగానంద, ఛత్రవట గుళ్లు రెండు మూడు కిలోమీటర్లలోపే ఉన్నాయి, దారి తేలిక. అయితే ఒక హెచ్చరిక. నల్లమల పులుల అడవి. మహానంది పరిసరాల్లో చిరుత తిరిగిందని మొన్నమొన్ననే విన్నాం. అడవి అంచున తెల్లవారకముందు, పొద్దుగూకాక వద్దు. అటవీ శాఖ వాళ్లు వద్దన్న చోటికి అసలే వద్దు.

సెలవుల్లో తిరుపతి వెళ్తే ఒక పూట ఎక్కువ పెట్టుకుని తూర్పుకు పోండి. నాయుడుపేట, సూళ్లూరుపేటల మధ్య నేలపట్టు చెరువు కట్ట మీద నడిస్తే, చలికాలంలో నీళ్లలో నిలబడిన చెట్ల నిండా గూడబాతులు గూళ్లు కట్టుకుని కనబడతాయి. ఆ పక్కనే పులికాట్, దాని వెనక సముద్రం. కాకినాడ వైపు బంధువులుంటే కోరింగ మడ అడవిలో బురద మీదుగా వేసిన చెక్కబాట మీద నడిపించండి. అక్కడ చెట్ల వేళ్లు గాలి కోసం బురదలోంచి పైకి పొడుచుకు వస్తాయి. తొమ్మిదో తరగతిలో నేను బొమ్మ గీసి చెప్పడానికి ఇరవై నిమిషాలు పట్టే పాఠం అది.

మీరు అనబోయేది నాకు తెలుసు. "ఆదివారం స్లిప్ టెస్టులు పెట్టేది మీరే కదా సార్!" నిజమే. అందుకే కార్తీకమాసంలో రెండు ఆదివారాలు ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు టెస్టులు వద్దని స్టాఫ్ మీటింగులో అడిగాను. ఈ సంచిక ప్రింటుకు వెళ్లేనాటికి ఒక ఆదివారానికి ఒప్పుకున్నారు. రెండోదానికి మీలో కొందరు వాట్సాప్ గ్రూపులో ఒక మాట రాస్తే నాకు సాయం చేసినట్టవుతుంది.

వెళ్లేముందు ఒక చిన్న విషయం. వాన పడిన మర్నాడు నల్లరేగడి పక్కన నడవకండి. నాలుగడుగులకే ఒక్కో బూటు కిలో బరువు అవుతుంది. తెల్ల యూనిఫాం బూట్లు ఇంట్లోనే వదిలేసి పాత చెప్పులు వేసి తీసుకెళ్లండి. లేకపోతే సోమవారం పొద్దున ప్రేయర్‌లో మా పీఈటీ సార్ అడిగేది మిమ్మల్ని కాదు, నన్ను.