ప్రోగ్రాముకు వెల కట్టుట

మన పూర్వ విద్యార్థి యొకడు ఒక టోకు మందుల దుకాణమునకు నిల్వలు, బిల్లులు, మందుల గడువు తేదీలు చూపే డేటాబేస్ ప్రోగ్రాము వ్రాసి ఇచ్చినాడు. ఒప్పుకున్నది 8,000 రూపాయలు. పట్టినది రెండు నెలలు. అనగా రోజుకు 133 రూపాయలు! ఆ పిమ్మట ఏడాది పొడుగునా "ఇంకొక్క రిపోర్టు, బాబూ" అను పిలుపులే.

తప్పు దుకాణదారునిది కాదని నా అభిప్రాయము. దర్జీ కత్తెర పట్టుటకు ముందే కొలత తీస్తాడు. తరువాత పొడుగు పెంచుమంటే వేరే కూలి అడుగుతాడు. పాత ఖాతాలు ఎవరు ఎక్కించాలి, మార్పులకు రుసుమెంత అన్నవి మనవాడు ముందే కాగితముపై పెట్టవలసినది.

నెలకు ఇంటికి 40,000, కరెంటు, కంప్యూటరు అరుగుదల వగైరాలకు 10,000 కావలెననుకొనండి. 200 గంటలు శ్రమించినను, పని వెదకుటకు, బాకీల వసూలుకు పోగా రూపాయి తెచ్చే గంటలు సగమే అనుకుంటే, గంట వెల 250 కాదు, 500.

మరొకటి. 1957 నాటి కాపీరైటు చట్టము, తరువాతి సవరణలతో, కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్య కృతిగానే గణించుచున్నది. (తెలుగు పంతులుకు ఇది ముచ్చటే!) ఉద్యోగి వ్రాసినది, వేరే ఒప్పందము లేనిచో, యజమానిది, స్వతంత్రుడు వ్రాసినది సాధారణముగా అతనిదే, హక్కు బదిలీకి సంతకముతో వ్రాతపత్రము కావలెను. కావున సోర్స్ కోడుకు విడిగా వెల అడుగుట దురాశ కాదు.

కమిటీ పెద్దలకు మనవి: ప్రయోగశాలలో ఎస్.క్యూ.ఎల్. నేర్పుచున్నాము. కొటేషను వ్రాయుటకు కూడ రెండు పీరియడ్లు కేటాయించండి. వాణిజ్యశాస్త్ర అధ్యాపకులు సిద్ధముగానే ఉన్నారు.