ఆయుష్షు తీరిన కార్లు, తీరని వ్యాజ్యం

దక్షిణ ఢిల్లీలో ఆరావళి రాతిగుట్టల అంచున ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ వారు కట్టించిన ఫ్లాట్ల సముదాయం వసంత్ కుంజ్. 1980 దశకపు చివరి సంవత్సరాలలో అక్కడ కాపురాలు మొదలైనప్పుడు మధ్యతరగతి గృహస్థుకు వాహనమంటే స్కూటరే. అదృష్టం పండితే మారుతి. అధికారులు ఆ లెక్కనే దారులు వేశారు. నేడు ఆ దారులకు ఇరుప్రక్కలా, పార్కుల కంచెల పొడుగునా, మెట్ల ముంగిళ్ళలోనూ కార్లే కార్లు. తళతళలాడే కొత్త బండ్ల నడుమ పది, పదిహేనేళ్ళ నాటి మెర్సిడెస్‌లు, ఆడీలు, స్కోడా సూపర్బ్‌లు, హోండా అకార్డ్‌లు కనిపిస్తాయి. కొన్నవాడు ఆనాడు ఇరవై లక్షలో నలభై లక్షలో పోసినవి. వాటిలో కొన్ని దుమ్ము పట్టిన ముసుగు కింద నెలల తరబడి నిలిచిన చోటనే ఉన్నవి. యంత్రం పాడై కాదు. బయటికి తీస్తే ఏమవుతుందో యజమానికి నిశ్చయంగా తెలియక.

మెర్సిడెస్ యజమాని కష్టాలు మనకెందుకని పాఠకులు అడగవచ్చు. సమంజసమైన ప్రశ్నే. అయితే ఢిల్లీలో ‘ఆయుష్షు తీరిన’ వాహనాలు 62 లక్షలని, వాటిలో 41 లక్షలు ద్విచక్ర వాహనాలని 2025లో వాయునాణ్యత నిర్వహణ కమిషన్ వెల్లడించిన అంకెలు చెబుతున్నవి. మెర్సిడెస్‌కు పట్టిన గతి స్కూటరుకూ పట్టింది. తేడా అల్లా మెర్సిడెస్ ఫోటో పత్రికలలో పడుతుంది, స్కూటరుది పడదు.

పైగా పాత ఖరీదైన కారు అనేసరికి దాని యజమాని ధనికుడే అయి ఉంటాడనుకోవడం పొరపాటు. ధనికుడు ఐదేళ్ళకే కారు మార్చేస్తాడు. ఆ తరువాత అది రెండవ చేతికి, మూడవ చేతికి దిగుతుంది. పదవీ విరమణ సొమ్ముతో ఒక్కసారి మంచి కారు కొనుక్కుని, దానితోనే జీవితం వెళ్ళదీద్దామనుకున్న విశ్రాంత ఉద్యోగి ఒకడు. ఏనాటికీ కొత్తది కొనలేనని తెలిసి పాతదానితో ముచ్చట తీర్చుకున్న యువకుడు మరొకడు. ఏనుగును కొన్నవాడు దాని మేతకు వెనకాడరాదంటారు. ఇటువంటి కార్ల రహస్యం కూడా అదే. అమ్మకపు ధర ఏటేటా పడిపోతుంది; పోషణ ధర మాత్రం కొత్త కారు స్థాయిలోనే నిలిచి ఉంటుంది. నలభై లక్షల కారు విలువ నాలుగు లక్షలకు దిగినా, దాని విడిభాగాలు నలభై లక్షల కారు విడిభాగాలే.

ఢిల్లీ వేసవిలో రబ్బరు గట్టిపడి చిట్లుతుంది; రేడియేటరు ప్లాస్టిక్ పగులుతుంది. వీధి వీధికీ ఉన్న స్పీడు బ్రేకర్లు సస్పెన్షన్ బుష్‌లను అరగదీస్తాయి. ఎక్కువ రోజులు కదలక నిలిచిన కారుకు బ్యాటరీ దిగిపోతుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. కంపెనీ వర్క్‌షాపుకు వెళితే చెడిన భాగాన్ని బాగుచేయరు, ఆ భాగమున్న అమరిక మొత్తాన్నీ మార్చాలంటారు. అందుకే వారంటీ తీరిన మరునాటి నుంచి యజమానుల దారి మారుతుంది. కిషన్‌గఢ్‌లోనో, మునిర్కాలోనో చేయి తిరిగిన మెకానిక్‌ను వెదుక్కుంటారు. విడిభాగాలకు కశ్మీరీ గేటు టోకు బజారుకు, అక్కడా దొరక్కపోతే పాత కార్లను విప్పి అమ్మే మాయాపురికి వెళతారు. కంపెనీ లెక్కలో సగం ఖర్చుతో బండి మళ్ళీ నడుస్తుంది. పారవేయడం కాక బాగుచేసుకోవడం మన దేశపు పాత అలవాటు. పర్యావరణ మాటలు పుట్టకముందే మనవాళ్ళు పాటించిన పర్యావరణ ధర్మం అది అనక తప్పదు.

బీమా సంగతి మరీ విచిత్రం. 1500 సి.సి. దాటిన ప్రయివేటు కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్ నుంచి 7,897 రూపాయలుగా నిర్ణయించారు; పన్ను అదనం. కారు కొత్తదా పాతదా అన్న భేదం ఈ మొత్తానికి లేదు. సొంత నష్టానికి పాలసీ తీసుకున్నా, పదేళ్ళు దాటిన కారు లోహభాగాలపై సగం, రబ్బరు ప్లాస్టిక్ భాగాలపై ఏ వయస్సులోనైనా సగం తరుగుదల కింద కోత కోస్తారు. మరమ్మతు ఖర్చు పాలసీలో వ్రాసిన విలువలో 75 శాతం మించితే కారు మొత్తం నష్టపోయినట్లే లెక్క. హెడ్‌లైటు, బంపరు, రేడియేటరు కలిసి దెబ్బతింటే చాలు, కొన్ని పాత విదేశీ కార్లు ఆ గీత దాటిపోతాయి. నడవగలిగిన కారును కాగితం మీద చంపేస్తారన్న మాట.

పెట్రోలు చూద్దాం. 2025లో ఢిల్లీలో లీటరు ధర 95 రూపాయలకు కాస్త తక్కువ. నగరపు రద్దీలో లీటరుకు ఎనిమిది కిలోమీటర్లు ఇచ్చే పెద్ద కారుకు కిలోమీటరుకు దాదాపు 12 రూపాయలు. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలుస్తున్నది. దీనికి అనువుగా రూపొందని కార్లలో మైలేజి మూడు నుంచి ఆరు శాతం తగ్గవచ్చునని కేంద్ర పెట్రోలియం మంత్రిత్వ శాఖయే 2025 ఆగస్టులో ఒప్పుకున్నది. అంటే పాత కారు యజమాని కిలోమీటరుకు అర్ధరూపాయి అటూ ఇటూగా అదనంగా భరించాలి. ఇథనాలు లేని పెట్రోలు కావాలని సుప్రీం కోర్టుకు వెళ్ళిన పిటిషన్‌ను 2025 సెప్టెంబరు 1న కొట్టివేశారు. రైతుకు మేలు, దిగుమతుల ఆదా అనే ప్రభుత్వ వాదనలో బలం లేకపోలేదు. కాని బంకులో రెండు రకాల పెట్రోలు ఉంచి, ఎంపికను కొనుగోలుదారుకు వదలడానికి అభ్యంతరమేమిటో ఎవరూ వివరించలేదు.

ఇంతవరకు చెప్పినవన్నీ లెక్కకు అందే ఖర్చులు. ముందుగా తెలిసినవి గనుక గృహస్థు వాటికి సిద్ధపడగలడు. ఢిల్లీలో పాత కారుకు అసలైన ఖర్చు ఉత్తర్వుల అనిశ్చితి. దానికి ఏ మెకానిక్కూ అంచనా వేసి చెప్పలేడు.

చరిత్ర పాఠకులకు గుర్తుండే ఉంటుంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014 నవంబరులో పదిహేనేళ్ళు దాటిన వాహనాలను ఢిల్లీ రోడ్ల మీదికి రానీయరాదన్నది. 2015 ఏప్రిల్‌లో డీజిలు వాహనాలకు ఆ గడువును పదేళ్ళకు కుదించింది. మార్చమని కేంద్రం వేడుకోగా 2017 సెప్టెంబరులో నిరాకరించింది. 2018 అక్టోబరు 29న సుప్రీం కోర్టు ఈ నిషేధానికి ఆమోదముద్ర వేసింది. అమలు అంతంత మాత్రంగా సాగింది. 2025 జూలై 1 నుంచి ఆయుష్షు తీరిన బండికి చుక్క ఇంధనం పోయరాదని కమిషన్ ఆజ్ఞాపించింది. బంకులలో నెంబరు ప్లేట్లు చదివే కెమెరాలు బిగించారు. పట్టుబడిన కారుకు 10,000 రూపాయల జరిమానా. మొదటి రోజున స్వాధీనమైన వాటిలో ఒక మెర్సిడెస్ కూడా ఉండడంతో దేశమంతా గగ్గోలైంది. మూడవ రోజున ఢిల్లీ పర్యావరణ మంత్రి మంజీందర్ సింగ్ సిర్సా, కెమెరాలు సరిగా పనిచేయడం లేదంటూ ఆజ్ఞను నిలిపివేయవలసిందిగా కమిషన్‌కు లేఖ వ్రాశారు. కమిషన్ నవంబరు 1 దాకా వాయిదా వేసింది. ఈలోగా పాత కార్ల ధరలు నలభై, యాభై శాతం పడిపోయాయని ఢిల్లీ వర్తకులు మొరపెట్టుకున్నారు. ఆ వారంలో భయపడి అమ్ముకున్నవారి నష్టం ఎవరి ఖాతాలో వ్రాయాలి?

ఆగస్టు 12న ప్రధాన న్యాయమూర్తి గవాయ్ నాయకత్వంలోని ధర్మాసనం కేవలం వయస్సు కారణంగా యజమానులపై బలవంతపు చర్యలు వద్దన్నది. ఇంటి నుంచి కోర్టుకు వెళ్ళివచ్చే కారుకూ, పగలూ రాత్రీ తిరిగే ట్యాక్సీకీ ఒకే ఆయుష్షు ఏమిటన్న ధోరణిలో సొలిసిటర్ జనరల్ తుషార్ మెహతా వాదించారు. అమ్ముకున్నవారు తల పట్టుకున్నారు. అమ్మనివారు ఊపిరి పీల్చుకున్నారు. డిసెంబరు 17న, నగరం విషవాయువులో మునిగి ఉన్న తరుణంలో, ప్రధాన న్యాయమూర్తి సూర్యకాంత్ ధర్మాసనం ఆ రక్షణను భారత్ స్టేజ్ 4, అంతకు పైబడిన వాహనాలకు మాత్రమే పరిమితం చేసింది. సుప్రీం కోర్టు ఇచ్చిన ఈ ఉత్తర్వులన్నీ ఒకే కేసులో, 1985లో ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో వెలువడినవి. కారుకు పదేళ్ళ ఆయుష్షును ఖరారు చేసిన కేసు తాను మాత్రం నలభయ్యవ పడి దాటినది!

వయస్సును విడిచి ప్రమాణాన్ని పట్టుకోవడం మేలైన మార్పే. కాని ఆ గీత కూడా ఎంత వంకరగా పడిందో చూడండి. ఢిల్లీలో భారత్ స్టేజ్ 4 అమలులోకి వచ్చింది 2010 ఏప్రిల్‌లో. ఆనాటి ప్రమాణాల ప్రకారం స్టేజ్ 3 పెట్రోలు కారు కిలోమీటరుకు వదలదగిన నైట్రోజన్ ఆక్సైడ్లు 150 మిల్లీగ్రాములు. స్టేజ్ 4 డీజిలు కారుకు అనుమతించినది 250. సూక్ష్మధూళి విషయంలోనూ డీజిలుదే పెద్ద పాపం. కార్బన్ మోనాక్సైడ్ మాత్రం పాత పెట్రోలు కారే ఎక్కువ వదలుతుంది, అది ఒప్పుకోవాలి. అయినా వసంత్ కుంజ్‌లో 2009 నాటి పెట్రోలు అకార్డ్ నేరస్థురాలు, దాని ప్రక్కనే నిలిచిన 2012 నాటి భారీ డీజిలు బండి నిర్దోషి అయినవి.

ఢిల్లీ గాలి ప్రాణాంతకమన్న సంగతిని ఈ లేఖకుడు తక్కువ చేయబోవడం లేదు. శీతాకాలంలో ఇక్కడి పిల్లల దగ్గు విన్నవారెవరూ చేయలేరు. కాని కాన్పూరు ఐ.ఐ.టి. వారు ఢిల్లీ ప్రభుత్వానికి ఇచ్చిన అధ్యయనం ప్రకారం నగరపు సూక్ష్మధూళిలో వాహనాల వాటా సుమారు 20 శాతం. అందులో కార్లది పదవ వంతు. లారీలది దాదాపు సగం, ద్విచక్ర వాహనాలది మూడవ వంతు. సమస్తమైన కార్ల వాటాయే ఇంత అయితే, నెలకు రెండుసార్లు ఆసుపత్రికీ, పండుగకు బంధువుల ఇంటికీ వెళ్ళే ముసలి కారు వాటా ఎంతో ఊహించుకోవచ్చు.

ఏ కారు ఎంత పొగ వదులుతున్నదో కొలిచి చూడడమే న్యాయమైన పద్ధతి. ఆ కొలత మీద నమ్మకం లేకనే వయస్సును ఆశ్రయించారు. 2025 ఏప్రిల్ 1న ఢిల్లీ శాసనసభ ముందుంచిన కాగ్ నివేదిక చదివితే ఆ అపనమ్మకానికి కారణం బోధపడుతుంది. పరిమితికి మించి పొగ వదిలిన లక్షా ఎనిమిది వేల వాహనాలకు కూడా ధ్రువపత్రాలు అందాయి. పరీక్షించామన్న డీజిలు వాహనాలలో దాదాపు నాలుగవ వంతుకు కొలతలే నమోదు కాలేదు. అసలు ఈ పరీక్ష నైట్రోజన్ ఆక్సైడ్లను చూడనే చూడదు. పరీక్షా కేంద్రాల అవినీతిని సరిదిద్దడం ప్రభుత్వానికి కష్టమైన పని. రిజిస్ట్రేషన్ తేదీ చూసి బండి పట్టుకోవడం తేలిక. తేలికైన పనినే ఎంచుకుని దానికి పర్యావరణ పరిరక్షణ అని పేరు పెట్టారు.

మోటారు వాహనాల చట్టం 59వ సెక్షను వాహనాల ఆయుష్షును నిర్ణయించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. 41వ సెక్షను రిజిస్ట్రేషన్‌కు పదిహేనేళ్ళ చెల్లుబాటు ఇచ్చింది. ఢిల్లీలో పది లక్షలు దాటిన డీజిలు కారుకు పన్నెండున్నర శాతం రోడ్డు పన్ను. ముప్ఫయి లక్షల కారుకు మూడు లక్షల డెబ్బయి అయిదు వేలు పుచ్చుకుని, పదిహేనేళ్ళకు పత్రం వ్రాసిచ్చి, పదేళ్ళకే బండి దిగమనడం ఏ వర్తకుడు చేసినా వినియోగదారుల కోర్టు ఊరుకోదు. తుక్కుకు ఇచ్చినవారికి పన్ను రాయితీ ఉన్నదంటారు. అది మళ్ళీ కొత్త కారు కొనేవారికే. పింఛనుదారు కొత్తది కొనలేకనే కదా పాతదాన్ని పట్టుకు వేలాడుతున్నది! కేంద్రం తన 59వ సెక్షను అధికారాన్ని పక్కన పెట్టి, ట్రిబ్యునల్‌లో బ్రతిమాలి, సుప్రీం కోర్టులో వాదించి కాలం గడిపింది. నియమం చేస్తే బాధ్యత మోయవలసి వస్తుంది. కోర్టు చెప్పిందంటే ఏ పార్టీకీ ఓటు పోదు.

ఇదే ప్రభుత్వం 2021లో యాభై ఏళ్ళు దాటిన కార్లను వారసత్వ సంపదగా గుర్తించి, 20,000 రూపాయల రుసుముతో ప్రత్యేక నెంబరు ఇస్తానన్నది. మంచిదే. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్‌ను చూసి మురిసిపోని వారెవరు? అయితే పదవ ఏట తుక్కు అయిన కారు యాభయ్యవ ఏట సంపద కావాలంటే నడుమ నలభై ఏళ్ళు ఎక్కడ దాగి ఉండాలో నియమావళిలో లేదు.

ఢిల్లీ కార్ల కథలో తెలుగు రాష్ట్రాలకూ వంతు ఉన్నది. ఇక్కడ చెల్లని బండిని నిరభ్యంతర పత్రంతో రాజధాని ప్రాంతం దాటించవచ్చు. దళారీ దానిని చవకగా పట్టుకుని హైదరాబాదుకో, విజయవాడకో చేరుస్తాడు. పొగ అదే, యంత్రం అదే. పీల్చే ఊపిరితిత్తులు మాత్రమే మారుతాయి. అక్కడి రవాణా కార్యాలయంలో డి.ఎల్. నెంబరు తీసివేసి టి.జి. అనో, ఏ.పి. అనో వ్రాస్తారు. దానికి ముందు, ఢిల్లీలో ఆయుష్షు తీరిపోయిన ఆ బండి నుంచి జీవితకాలపు పన్ను వసూలు చేస్తారు.