బోర్డు వస్తే ధర వచ్చినట్టేనా? యాలకుల రైతును అడుగుదాం

పండగ పూట పాయసంలో నాలుగు యాలకులు దంచి వేసుకుంటాం. అవి ఎక్కడ పండుతాయో, పండించే రైతుకు ఏం దక్కుతుందో మనలో చాలామందిమి ఆలోచించం. దేశంలో పండే యాలకుల్లో ఎక్కువ భాగం కేరళలోని ఇడుక్కి కొండల్లోనివే. మన పసుపు, అల్లం ఏ కుటుంబానివో యాలకుల మొక్కా ఆ కుటుంబానిదే. పొడుగాటి పెద్ద ఆకులతో మనిషి ఎత్తు దాటి గుబురుగా పెరుగుతుంది. కాయలు మాత్రం మొదట్లో, నేలను ఆనుకుని వచ్చే రెమ్మలకు కాస్తాయి.

పసుపు ఏటేటా వేస్తాం, ఏటేటా తవ్వుతాం. యాలకులు అలా కాదు. నాటాక మూడో ఏడు దాకా చెప్పుకోదగ్గ కాపు రాదు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి కాస్తుంది. దానికి చల్లని కొండ, నిండు వాన, పైన పెద్ద చెట్ల నీడ కావాలి. నెల, నెలన్నరకోసారి వంగి కాయలు కోయాలి. సుమారు 5 కిలోల పచ్చికాయ ఆరబెడితే 1 కిలో యాలకులు వస్తాయి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మన పసుపు బోర్డు గురించి. 2019 పార్లమెంటు ఎన్నికల్లో నిజామాబాద్‌లో 170 మందికి పైగా రైతులు పోటీకి నిలబడి దేశం దృష్టిని మనవైపు తిప్పారు. అడిగినవి రెండు: బోర్డు, గిట్టుబాటు ధర. 2025 జనవరిలో బోర్డు ప్రారంభమైంది. పోరాడి తెచ్చుకున్నదే, సంతోషమే. కానీ రెండో కోరిక తీరిందా?

యాలకుల రైతుకు బోర్డు 1960లలోనే వచ్చింది. 1987లో అది సుగంధ ద్రవ్యాల బోర్డులో కలిసింది. ఇడుక్కిలోని పుట్టడిలో, తమిళనాడులోని బోడినాయకనూర్‌లో ఈ-వేలం కేంద్రాలున్నాయి. ఒక ఇడుక్కి రైతు తన తోటలోనే ఎంచి తీసిన ఞల్లాని రకంతో దిగుబడి కూడా పెరిగింది. బోర్డు ఉంది, వేలం ఉంది, మంచి రకం ఉంది. మరి ధర?

2018లో వరదలు తోటలను ముంచాయి. 2019 వేసవిలో ఎండ కాల్చేసింది. ఆ ఆగస్టులో పుట్టడి వేలంలో కిలో 7,000 రూపాయలు పలికింది. పేపర్లన్నీ రాశాయి. కానీ అప్పుడు రైతు చేతిలో సరుకేదీ? ఆ ధర చూసి ఆశపడి చాలామంది తోటలు పెంచారు. రెండేళ్ళు తిరిగేసరికి కిలో 1,000 రూపాయల లోపుకు పడిపోయింది. కూలీ, ఎరువు, మందుల ఖర్చులు మాత్రం దిగలేదు. వ్యాపారులు ఒకసారి కొన్న సరుకునే మళ్ళీ వేలానికి తెచ్చి ధర పడగొడుతున్నారని అక్కడి రైతులు ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. మన మార్కెట్ యార్డుల్లో వ్యాపారులు కూడబలుక్కోవడం చూసిన వాళ్ళకు ఇది కొత్త కాదు.

2024 వేసవిలో మళ్ళీ కరువు. తోటలు నిలువునా ఎండాయి. వరి ఎండితే ఒక పంట పోతుంది. యాలకుల మొక్క చస్తే మళ్ళీ నాటి కాపు కోసం మూడేళ్ళు ఎదురుచూడాలి. ఒక్క ఏడాది పంటకు లెక్కగట్టి ఇచ్చే పరిహారం ఆ రైతుకు ఏ మూలకు?

కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో యాలకులు లేవు, పసుపూ లేదు. అసలు కిటుకు ఇక్కడే ఉంది. బోర్డు రకాలిస్తుంది, శిక్షణ ఇస్తుంది, ఎగుమతుల గురించి మాట్లాడుతుంది. ధర పడిన రోజున మాత్రం కొనదు.

అందుకే మనం అడగాల్సినవి స్పష్టంగా అడుగుదాం. స్వామినాథన్ కమిషన్ చెప్పినట్టు ఖర్చుకు సగం కలిపి పసుపుకు, యాలకులకు మద్దతు ధర ప్రకటించాలి. ధర అంతకు దిగితే సర్కారే కొనాలి. వేలంలో ఒకే సరుకు తిరగకుండా కట్టడి చేయాలి. ఏళ్ళ తరబడి కాసే తోట పోతే, మళ్ళీ కాపుకొచ్చే దాకా జరిగే నష్టమంతా లెక్కగట్టాలి.

ఇడుక్కి రైతు భాష వేరు, కొండ వేరు. బాధ మనదే. బోర్డు ముందు బోర్డు కట్టి దండలేసి ఊరుకుంటే రేపు మన గతీ అంతే. వాళ్ళతో గొంతు కలుపుదాం.