పరిశోధన సెక్షనుకు బడి ఏదీ?

‘రీసెర్చ్ అడ్మినిస్ట్రేటర్’ అన్న మాటకు తెలుగులో స్థిరపడిన పదం లేదు. ‘పరిశోధనా నిర్వాహకుడు’ అందామంటే ప్రయోగశాలను నడిపే ఆచార్యుడు గుర్తుకు వస్తాడు. ‘పరిశోధనా పాలకుడు’ అంటే నవ్వు వస్తుంది. కొత్త పదాలు కట్టడంలో మనలో చాలామందికి ఆసక్తి, నైపుణ్యమూ ఉన్నాయి కనుక ఆ పనిని మీకు వదిలి, నేను చెప్పదలచుకున్న సంగతికి వస్తాను. పదం లేకపోవడానికి భాష కారణం కాదు. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో సాధారణంగా ఆ పేరు గల ఉద్యోగమే కనబడదు. పని మాత్రం రోజూ ఉన్నది. నిన్నటిదాకా పరీక్షల విభాగంలోనో, హాస్టళ్ళ విభాగంలోనో ఉండి బదిలీపై వచ్చిన ఒక సీనియర్ అసిస్టెంటూ, ఆయన పైన ఒక సూపరింటెండెంటూ ఆ పని చేస్తుంటారు. వారికి దానిని నేర్పినవారు లేరు. నేర్పవలసిన బాధ్యత ఎవరిదో చెప్పినవారూ లేరు.

ఆ పని ఏమిటో తెలియని మిత్రుల కోసం కొంచెం వివరిస్తాను. ఒక ఆచార్యునికి కేంద్ర ప్రభుత్వ సంస్థ నుంచి మూడేళ్ళ పరిశోధన ప్రాజెక్టు మంజూరైనదనుకోండి. డబ్బు ఒక్కసారిగా రాదు, విడతలుగా వస్తుంది. పరికరాలకు ఇంత, రసాయనాలకు ఇంత, ప్రయాణాలకు ఇంత, ఫెలో జీతానికి ఇంత అని పద్దులవారీగా వస్తుంది. ఒక పద్దులోని సొమ్మును అనుమతి లేకుండా మరొక పద్దులో వాడరాదు. ఏడాది తిరిగేసరికి ఖర్చుల పట్టిక, దానితోపాటు యుటిలైజేషన్ సర్టిఫికెట్ పంపాలి. సెక్షన్లలో అందరూ దానిని ‘యూసీ’ అనే అంటారు. 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళిలో దానికి 12-ఎ అనే నమూనా ఉన్నది. అంతకుముందు 2005 నియమావళిలో అది 19-ఎ. బ్యాంకులో ఉన్న సొమ్ముపై వచ్చిన వడ్డీని విడిగా చూపి, కేంద్ర ప్రభుత్వ ఖజానాకు తిరిగి జమ చేయాలి. ఇవన్నీ సరిగా ఉంటేనే తరువాతి విడత కదులుతుంది. ఏ ఒక్కటి తప్పినా ఫైలు వెనక్కి వస్తుంది.

వెనక్కి వచ్చిన ఫైలుకు ఏమవుతుందో నాకు తెలిసిన ఒక ఉదంతం చెబుతాను. ఏ విశ్వవిద్యాలయమో ఇక్కడ అప్రస్తుతం. రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసిన ఒక అమ్మాయి ఒక ప్రాజెక్టులో ఫెలోగా చేరింది. రెండో ఏడాదిలో ఏడు నెలలపాటు ఆమెకు జీతం రాలేదు. మొదటి ఏడాది యూసీలో బ్యాంకు వడ్డీని విడిగా చూపలేదన్నది ఢిల్లీవారి అభ్యంతరం. ఆ ఉత్తరం చేరేనాటికి యూసీ తయారుచేసిన అసిస్టెంటు వేరే విభాగానికి బదిలీ అయ్యాడు. కొత్తగా వచ్చినాయనకు ఆ ఖాతా పాసుపుస్తకం ఏ బీరువాలో ఉన్నదో తెలియదు. వడ్డీ ఎంతో తేల్చి, ఆడిటరు సంతకం తెచ్చి, రిజిస్ట్రారు గారి బల్ల దాటించేసరికి మార్చి 31 దాటిపోయింది. ఆ అమ్మాయి ఈలోగా ఒక జూనియర్ కళాశాలలో పాఠాలు చెప్పుకుంటూ, సాయంత్రం పూట ప్రయోగశాలకు వచ్చేది. పగలంతా చేయవలసిన ప్రయోగాలు సాయంత్రాలకు కుంచించుకుపోయాయి.

ఆ ఇద్దరు అసిస్టెంట్లూ సోమరులు కారు. లంచం కోసం ఫైలు తొక్కిపెట్టినవారూ కారు. మొదటాయనకు వడ్డీ సంగతి ఎవరూ చెప్పలేదు. రెండవ ఆయనకు ఏ సంగతీ ఎవరూ చెప్పలేదు. మన కథల్లో, సినిమాల్లో గుమస్తా అనగానే ముక్కున కళ్ళజోడు, బల్ల కింద చేయి చూపించడం అలవాటైపోయింది. ఆ బొమ్మ మనసులో ఉన్నంతకాలం అతనికి చదువు చెప్పాలన్న ఆలోచన మనకు తట్టదు.

మా ఉత్తరాంధ్రకు విశ్వవిద్యాలయ పరిశోధన కొత్త కాదు. 1926లో బెజవాడలో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో విశాఖపట్నం చేరింది. కట్టమంచి రామలింగారెడ్డి గారు, సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు దానిని నడిపినవారు. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ గారి దానశీలం సంగతి ఇక్కడ అందరికీ తెలిసినదే. సూరి భగవంతం గారు భౌతికశాస్త్రంలో, టి. ఆర్. శేషాద్రి గారు రసాయనశాస్త్రంలో ఇక్కడ పనిచేశారు. 1950ల తొలినాళ్ళలో లాఫాండ్ అనే అమెరికా సముద్రశాస్త్రవేత్త ఇక్కడికి వచ్చి, మన ఆచార్యులతోనూ విద్యార్థులతోనూ కలిసి, భారత నౌకాదళపు ఓడలలో వెళ్ళి బంగాళాఖాతాన్ని శోధించాడు. ఆ పేర్లు చరిత్రలో ఉన్నాయి, ఉండవలసినవే. అయితే నౌకాదళపు ఓడ ఎక్కాలంటే ఎవరో ఒకరు ఉత్తరం రాయాలి, అనుమతి తేవాలి, పరికరాలకు లెక్క చెప్పాలి. ఆ ఉత్తరాలు రాసిన చేతుల పేర్లు మనకు మిగలలేదు. ఆనాడు పని తక్కువ, నియమాలు తక్కువ. అనుభవంతో నెట్టుకొచ్చారు. ఈనాటి నియమాల అడవిలో అనుభవం ఒక్కటే దారి చూపదు. ఆ అనుభవమైనా బదిలీ ఉత్తర్వుతోపాటు వెళ్ళిపోతూ ఉంటుంది.

శిక్షణ అనే భావన మన దేశానికి, ముఖ్యంగా తెలుగు నేలకు తెలియనిది కాదు. పరిపాలకులకూ సంస్థల అధికారులకూ శిక్షణ ఇవ్వడానికి 1956లోనే హైదరాబాదులో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ పుట్టింది. వ్యవసాయ పరిశోధనను నడపడం ఒక ప్రత్యేక విద్య అని గుర్తించి 1976లో రాజేంద్రనగర్‌లో జాతీయ వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీని స్థాపించారు. నార్మ్ అని పిలుచుకునే ఆ సంస్థలో, వ్యవసాయ పరిశోధన సేవలో కొత్తగా చేరిన శాస్త్రవేత్తలకు ఉద్యోగారంభంలోనే శిక్షణ దొరుకుతుంది. ‘పరిశోధన నిర్వహణ’ అన్న మాట ఒక సంస్థ పేరులోనే చేరి యాభై ఏళ్ళు కావస్తున్నది. వరి వంగడాల మీద పరిశోధనకు అవసరమైన నిర్వహణ విద్య, రసాయనశాస్త్రానికీ చరిత్రకూ అక్కరలేదా?

విశ్వవిద్యాలయాల విషయానికి వస్తే, 1986 జాతీయ విద్యావిధానం తరువాత అకడమిక్ స్టాఫ్ కాలేజీలు వచ్చాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ ఒకటి ఏర్పడింది. 2015లో వాటి పేరు మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలుగా, 2023లో మాలవీయ మిషన్ పేరిట మారింది. పేరు ఎన్నిసార్లు మారినా ప్రధానంగా వాటి గురి అధ్యాపకుడే. పునశ్చరణ తరగతికి వెళ్ళడం అధ్యాపకుని పదోన్నతికి అవసరం. సెక్షనులోని అసిస్టెంటుకు అటువంటి అవసరమూ లేదు, అవకాశమూ అరుదు. 2022లో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం ప్రతి సంస్థలోనూ పరిశోధన-అభివృద్ధి విభాగం ఉండాలని మార్గదర్శకాలు ఇచ్చింది. మంచిదే. బోర్డు రాయించి, ఒక ఆచార్యుణ్ణి డైరెక్టరుగా నియమించినంత మాత్రాన ఆ గదిలో కూర్చునేవారికి పని వచ్చేయదు.

ఈ లోటును మన దేశంలో గుర్తించినవారు ఉన్నారు. హైదరాబాదు కేంద్రంగా 2008 నుంచి పనిచేస్తున్న డీబీటీ-వెల్కమ్ ట్రస్ట్ ఇండియా అలయన్స్, 2018లో పరిశోధన నిర్వహణకోసమే ఒక కార్యక్రమాన్ని ప్రారంభించింది. అమెరికాలో విశ్వవిద్యాలయ పరిశోధన నిర్వాహకులకు 1959 నుంచి ఒక జాతీయ మండలి ఉన్నది. 1993 నుంచి పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇచ్చే సంస్థ కూడా ఉన్నది. జపాను ప్రభుత్వం 2011లో ఈ ఉద్యోగులను తయారుచేయడానికి ప్రత్యేక పథకం మొదలుపెట్టింది. వారందరూ గ్రహించిన విషయం ఒక్కటే: పరిశోధనకు డబ్బు పెరిగినకొద్దీ దానిని నడిపే పని ఒక వృత్తి అవుతుంది. వృత్తికి శిక్షణ కావాలి.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది, ఆచార్యుడే నియమాలు నేర్చుకోవచ్చు కదా అన్నది. కొందరు నేర్చుకుంటున్నారు కూడా. వారి సాయంత్రాలు కొటేషన్ల పోలిక పట్టికలతో గడిచిపోతున్నాయి. పైగా వారు నేర్చినది వారి ప్రాజెక్టుతో ముగిసిపోతుంది. పక్క గదిలోని యువ అధ్యాపకుడు మళ్ళీ ఓనమాలు దిద్దుకోవాలి.

రెండవది కాస్త బలమైనది. గుమస్తాకు నియమాలు ఎక్కువ తెలిస్తే అడ్డుపుల్లలు ఎక్కువ వేస్తాడు అంటారు. నేను చూసినంతవరకు జరిగేది దీనికి విరుద్ధం. నియమం తెలియనివాడే భయపడతాడు. భయపడినవాడు ‘చర్చించవలెను’ అని రాసి ఫైలును పైకి పంపుతాడు. 2025 జూన్‌లో కేంద్ర ఆర్థిక శాఖ పరిశోధన సంస్థల కొనుగోళ్ళ నియమాలను సడలించింది. కొటేషన్లు లేకుండా నేరుగా కొనగలిగే పరిమితి లక్ష రూపాయల నుంచి రెండు లక్షలకు పెరిగింది. ఆ ఉత్తర్వును చదివి, తమ సంస్థకు అది వర్తిస్తుందా, ఏ ప్రాజెక్టులకు వర్తిస్తుంది అని తేల్చి చెప్పేవారు సెక్షనులో లేకపోతే, సడలింపు ఢిల్లీలోనే ఉండిపోతుంది. ఇక్కడ పాత పద్ధతిలో మూడు కొటేషన్లు తిరుగుతూనే ఉంటాయి.

మూడవ అభ్యంతరం నాదే. శిక్షణ పేరిట మూడు రోజుల ఉపన్యాసాలు, ఒక సంచీ, ఒక సర్టిఫికెట్, ఒక సామూహిక ఛాయాచిత్రం అయితే దాని కంటే లేకపోవడం మేలు. ఈ పని వింటే వచ్చేది కాదు. ఎవరి ఫైలు వారు తెచ్చుకోవాలి. వెనక్కి వచ్చిన యూసీలు, ఆడిట్ అభ్యంతరాలు బల్ల మీద పరచి, ఎక్కడ ఎందుకు తప్పిందో తెలిసినవారి పక్కన కూర్చుని సరిదిద్దాలి. బాగా నడిచే ఒక సంస్థలో నెల రోజులు పనిచేసి రావాలి. శిక్షణ పొందినవారిని కనీసం ఐదేళ్ళు అదే సెక్షనులో ఉంచాలి, ఆ కారణంగా వారి పదోన్నతి ఆగిపోకుండా చూడాలి. ఈ చివరి మాట లేకుండా మిగిలినవన్నీ వృథా.

ఇది ఎక్కడ జరగాలి? నేను ఉంటున్న ఆనందపురం పేరు చెబితే స్వార్థం అనుకోకండి. విశాఖ నగరానికి ఉత్తరాన, జాతీయ రహదారి మీద ఉన్న కూడలి ఇది. ఒక దారి పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లికి పోతుంది. మరొకటి తగరపువలస దాటి విజయనగరం, శ్రీకాకుళాల వైపు పోతుంది. మా మండలంలోని గంభీరంలోనే భారతీయ నిర్వహణ సంస్థ ఉన్నది. 2015లో పుట్టిన ఆ ఐఐఎం శాశ్వత ప్రాంగణాన్ని 2024 ఫిబ్రవరిలో ప్రారంభించారు. కంపెనీల అధికారులకు నిర్వహణ పాఠాలు చెప్పగల సంస్థ, చుట్టుపక్కల విశ్వవిద్యాలయాల సెక్షన్లకు చెప్పలేదా? విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, రుషికొండలో గీతం, సబ్బవరంలో దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయం, విజయనగరంలో గురజాడ పేరిట ఉన్న జేఎన్టీయూ, కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం, ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం — వీటి ఉద్యోగులు ఉదయం బయలుదేరి సాయంత్రానికి ఇల్లు చేరగల చోటు ఇది. పిల్లలున్న తల్లులకు, ఇంట్లో పెద్దవారిని చూసుకునేవారికి అది చిన్న విషయం కాదు. హైదరాబాదులో పదిహేను రోజుల శిక్షణ అంటే వారిలో సగం మంది పేరు ఇవ్వనే ఇవ్వరు.

ఖర్చు ఎక్కడి నుంచి అని అడుగుతారు. చాలా ప్రాజెక్టులలో సంస్థ నిర్వహణ ఖర్చుల కింద కొంత సొమ్ము వస్తుంది. వాడుకలో దానిని ఓవర్‌హెడ్ అంటారు. ఆ సొమ్ము ఉన్నదే ఇటువంటి పనికి. కుర్చీలకూ రంగులకూ పోయేదానిలో కొంత, ఆ కుర్చీలో కూర్చునేవారి చదువుకు పెట్టడం న్యాయం.

చివరిగా మన భాష సంగతి. నియమావళి ఇంగ్లీషులో, మంజూరు ఉత్తరం ఇంగ్లీషులో, యూసీ ఇంగ్లీషులో. సెక్షనులో దాని గురించి మాట్లాడుకునేది మాత్రం తెలుగులో. ‘ఈ వడ్డీ ఏం చెయ్యాలండీ?’ అన్న ప్రశ్నకు తెలుగులో సూటిగా జవాబు చెప్పే ఒక చిన్న కరదీపిక కావాలి. వడ్డీ, పద్దుల మార్పు, కొనుగోలు పరిమితులు, ఫెలో హాజరు, ప్రాజెక్టు ముగింపు లెక్కలు — ఈ ఐదు విషయాలతో మొదలుపెట్టినా చాలు. నలభై పేజీలు మించనక్కరలేదు. నియమం మారిన ప్రతిసారీ ఒక పేజీ మారిస్తే సరిపోతుంది. నేను వడ్డీ అధ్యాయం మొదలుపెట్టాను. కొనుగోళ్ళ సంగతి తెలిసిన మిత్రులెవరైనా ఉంటే ఆ అధ్యాయం వారు అందుకోగలరు. జూనియర్ రీసెర్చ్ ఫెలోకు 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు ఇవ్వాలని కాగితం మీద ఉన్నది. అది నెలనెలా చేతికి అందడం ఆ నలభై పేజీలు తెలిసినవారి మీద ఆధారపడి ఉన్నది.