మూర్ఛకు శస్త్రచికిత్స: శిక్షణ బృందానికి కావాలి

మూర్ఛవ్యాధిగ్రస్తులలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి మందులతోనే ఫిట్స్ అదుపులోకి వస్తాయి. ఈ వ్యాసం మిగిలిన వారి గురించి. సరిగా ఎంచుకున్న రెండు మందులను తగిన మోతాదులో, క్రమం తప్పకుండా వాడినా ఫిట్స్ ఆగకపోతే దానిని మందులకు లొంగని మూర్ఛగా భావించాలని 2010లో అంతర్జాతీయ నిపుణులు నిర్వచించారు. ఆ తరువాత మూడవ మందు, నాలుగవ మందు అంటూ ఏళ్ళు గడపడం వలన పూర్తి ఉపశమనం లభించే అవకాశం స్వల్పం.

ఇటువంటి వారిలో కొందరికి శస్త్రచికిత్స ఎంతో మేలు చేస్తుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో 116 మంది పిల్లలపై జరిగిన అధ్యయనం 2017లో వెలువడింది. శస్త్రచికిత్స పొందిన వారిలో ఏడాది తరువాత 77 శాతం మందికి ఫిట్స్ లేవు. మందులు మాత్రమే వాడిన వారిలో ఆ సంఖ్య 7 శాతం. అయితే శస్త్రచికిత్స పొందిన వారిలో మూడవ వంతు మందికి తీవ్ర దుష్ఫలితాలు కలిగాయి. వాటిలో ఒక పక్క కాలుచేతుల బలహీనత ముఖ్యమైనది. అందువలననే ఈ చికిత్సలో శిక్షణకు అంత ప్రాధాన్యం.

మెదడులో ఫిట్స్ ఎక్కడ పుడుతున్నాయో వీడియో ఈఈజీ, ఎమ్మారై పరీక్షల ద్వారా నిర్ధారించాలి. ఆ భాగాన్ని తొలగిస్తే మాటకు, జ్ఞాపకశక్తికి, కదలికలకు హాని కలుగుతుందా అని తేల్చాలి. ఇందుకు నాడీవైద్యుడు, శస్త్రవైద్యుడు, రేడియాలజిస్టు, మనస్తత్వ నిపుణుడు, ఈఈజీ టెక్నీషియన్ కలిసి కూర్చోవాలి. ఒక సర్జన్‌ను పంపి నేర్పించి తీసుకువస్తే సరిపోదు.

ఈ విద్య మనకు కొత్త కాదు. మాంట్రియల్‌లో శిక్షణ పొందిన డాక్టర్ జేకబ్ చాందీ 1949లో వేలూరులో న్యూరోసర్జరీ విభాగాన్ని నెలకొల్పారు. 1952లోనే అక్కడ మూర్ఛకు శస్త్రచికిత్స జరిగింది. 1995లో తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో సమగ్ర మూర్ఛ చికిత్సా కార్యక్రమం ఆరంభమయింది. సికింద్రాబాదు కిమ్స్‌లోనూ ఈ శస్త్రచికిత్సలు జరుగుతున్నాయి. విద్య ఉన్నది, అది పేదవానికి అందే దూరంలో లేదు.

నా అభిప్రాయం ఇది. ప్రభుత్వ బోధనాసుపత్రుల నుండి వ్యక్తులను గాక బృందాలను ఎంపిక చేసి, అనుభవమున్న కేంద్రాలకు కలిపి పంపాలి. తిరిగి వచ్చాక వారిని తలొక చోటికి బదిలీ చేయరాదు. చేయి తిరగాలంటే కేసులు కావాలి. కేసులు రావాలంటే కింది స్థాయి వైద్యుడు గుర్తించి పంపాలి. కనుక శిక్షణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుండే మొదలు కావాలి. సిద్దిపేటలో 2018 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తున్నది. “రెండు మందులు విఫలమైతే పై కేంద్రానికి పంపు” అన్న ఒక్క సూత్రం అక్కడి ప్రతి విద్యార్థికీ కంఠస్థం కావాలి.

మన చింతమడక వంటి పల్లెలలో ఫిట్స్ రాగానే చేతిలో తాళపుచెవులు పెట్టడం, పెండ్లి కావలసిన పిల్లల జబ్బును దాచడం నేటికీ ఉన్నాయి. పాఠకులకు నా మనవి: మందులు సొంతంగా ఆపకండి. రెండు మందులు వాడినా ఫిట్స్ వస్తుంటే “మాకు శస్త్రచికిత్స పనికివస్తుందా?” అని మీ డాక్టరును అడగండి. అందరికీ అది పనికిరాకపోవచ్చు. కానీ ఆ ప్రశ్న ఆలస్యమైన కొద్దీ చదువు, ఉద్యోగం, కొన్నిసార్లు ప్రాణం కూడా చేజారిపోతాయి.